ఆటలో మంచినీళ్ళు

కడియం,
జూన్ 18.

మంజూ,

నువ్వు పంపిన ఆట ట్యాబ్‌లో ఎక్కించుకున్నాను. దాంతోపాటు పంపిన ఫారం కూడా చూశాను. "కథ మీకు ఎంత నచ్చింది? ఒకటి నుంచి అయిదు లోపల మార్కు వెయ్యండి" అంటూ ఇరవై ప్రశ్నలున్నాయి. రాజమండ్రి హాస్టల్లో మూడేళ్ళు ఒకే గదిలో ఉన్నవాళ్ళం, నీకు నేను మార్కులు వెయ్యడమేంటే? అందుకని కాగితం తీసుకుని కూర్చున్నాను. మా నర్సరీ నుంచి బెంగళూరుకి మొక్కల లోడు వారానికొకటి వెళ్తూనే ఉంటుంది. డ్రైవరు గంగాధర్ మీ ఆఫీసు ఉన్న వైపే దింపుతాడట. ఈ ఉత్తరం అతనిచేత పంపుతున్నాను. జవాబు కూడా అతని చేతికే ఇవ్వు.

ముందు నిజం చెప్పేస్తాను. వీడియో గేములంటే మా మరిది ఆడే తుపాకీ పట్టుకుని పరిగెత్తేవే నాకు తెలుసు. నీ "నీటిదారి" తెరవగానే పొగమంచు. మంచు కొంచెం కొంచెం విడిపోతుంటే కింద నీళ్ళు. నీళ్ళమీద నావ, నావలో గెడ పట్టుకుని నిలబడ్డ చుక్క అనే పిల్ల. ఏం చెయ్యాలో ఎవరూ చెప్పరు. వేలితో గెడ తోశాను. నావ కదిలింది. అంతే, పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి కూడా మర్చిపోయాను.

మొదటి లంకలో ముసలమ్మకి మల్లె అంటు ఇచ్చి వచ్చాను. రెండో లంకలో ఇసుక మీద పిట్టలు లేచిపోతాయని నావని ఎంత మెల్లగా పోనిచ్చానో! మూడో లంక దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను. అక్కడ నీళ్ళూ ఆకాశమూ ఒకటైపోయి, మబ్బుల మీద నావ నడుస్తున్నట్టుంటుంది చూడు, అక్కడ. ట్యాబ్ మూసి మొక్కల మధ్యకి వెళ్తే కాళ్ళ కింద నేల ఊగుతున్నట్టే ఉంది. మా ఆయన సత్యప్రసాద్ "ఒంట్లో బాగోలేదా?" అని అడిగారు.

ఇంకో మాట. మా దగ్గర కవర్లలో మట్టి నింపే ఏసమ్మ అని ఒకావిడ ఉంది. అన్నాలప్పుడు నా వెనక నిలబడి చూస్తుంటే ట్యాబ్ ఆమె చేతికిచ్చాను. ఆమెకి పనులూ లంకలూ ఏమీ అక్కర్లేదు. మొదటి రేవులోనే నావ ఆపుకుని నీళ్ళ వైపు చూస్తూ కూర్చుంది. "ఎంత తేటగా ఉన్నాయమ్మా" అంది. నీ ఫారంలో దీనికి మార్కెక్కడ వెయ్యాలో తెలియలేదు.

మీ అమ్మగారూ నాన్నగారూ ఎలా ఉన్నారు? పొలాల సంగతేంటి?

నీ దుర్గ


బెంగళూరు,
జూలై 1.

ఒసేయ్ దుర్గా,

నీ ఉత్తరం చదివి మేడ మీదికెళ్ళి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. గంగాధర్ గారు ఉత్తరంతో పాటు సన్నజాజి మొక్క కూడా ఇచ్చారు. ఇప్పుడది నా కిటికీలో ఉంది. ఎదురుగా ఉన్నది మరో అపార్ట్‌మెంటు గోడ, అయినా పొద్దున్నే ఆ మొక్క వెనక నుంచి చూస్తే గోడ కూడా ఏటిగట్టులాగే ఉంటోంది.

ఆ నీళ్ళ చప్పుడు మనదే, తెలుసా? కిందటేడు నరసాపురం రేవులో బళ్ళని ఏరు దాటించే పంటు ఎక్కి రోజంతా రికార్డు చేసుకొచ్చాను. పొగమంచు రంగు కోసం బొమ్మలు వేసే అమ్మాయి హారతితో నెలరోజులు పోట్లాడాను. "తెలుపు కాదు, పాలు కలిసిన తెలుపు కాదు, తడిసిన తెలుపు" అంటే ఆమె నావైపు జాలిగా చూసేది.

కానీ దుర్గా, నువ్వు ఇప్పటిదాకా ఆడింది కల మాత్రమే. నాలుగో లంకలో మెలకువ వస్తుంది. ఈ నీళ్ళు ఎవరు పాడుచేస్తున్నారో అక్కడ తెలుస్తుంది. ఊరికే అందంగా ఉండే ఆట నాకొద్దు. ఆడినవాళ్ళు లేచి వెళ్ళి ఎవరినో ఒకర్ని నిలదియ్యాలి. మా స్టూడియో నడిపే ప్రవీణ్ గారు కాస్త భయపడుతున్నారు. ఆయన అన్నిటికీ భయపడతారు.

ఆ భాగం దీంతో పంపుతున్నాను. ఆగస్టులో డెమో అందరికీ తెరుస్తాం. ఈలోగా ఆడి రాయి. మార్కులొద్దులే.

మా ఇంటి దగ్గర అందరూ బాగానే ఉన్నారు. పొలాలు మామూలే.

మంజు


కడియం,
జూలై 27.

మంజూ,

గోదారి ఎర్రబడింది. వారం నుంచి ఒకటే వాన. లారీలు కదల్లేదు, అందుకే ఆలస్యం. వాన చప్పుడులో నీ ఆట ఆడితే ఏది లోపలి నీరో ఏది బయటి నీరో తెలియడం లేదు. అక్కడిదాకా ఎంతో బాగుంది.

నాలుగో లంకకి వెళ్ళాను. చెరువు గట్టు మీద ముళ్ళకంచె కనిపించింది. చుక్క దోసిలితో నీళ్ళు తీసుకుని తాగబోయి ఉమ్మేసింది. నా నోట్లో కూడా ఉప్పు తగిలింది. ఆ తర్వాత తెల్లబట్టల దొర ఒకాయన మేడమీంచి అరవడం మొదలెట్టాడు. ఆయన అరుపు అవగానే రత్తమ్మ అనే ఆవిడ బిందె కింద పెట్టి మాట్లాడటం మొదలెట్టింది. గడియారం చూశాను మంజూ, నాలుగు నిమిషాలు. నీరు అందరి హక్కు, లాభం కొందరిది, నష్టం పేదలది. ఒక్క మాటా అబద్ధం కాదు. కానీ తెర మీద ఎక్కడ నొక్కినా నావ కదలదు. గెడ నా చేతిలోంచి లాగేసుకుని కుర్చీలో కూర్చోబెట్టినట్టయింది.

ఆఖర్న రెండు బొత్తాలొచ్చాయి. "తిరగబడు", "తలవంచు". తలవంచు నొక్కి చూశాను. ఆట వెనక్కెళ్ళి మళ్ళీ దొర అరుపు దగ్గర్నుంచి మొదలైంది. ఒకటే నొక్కాలనుకున్నప్పుడు రెండోది పెట్టడం ఎందుకే?

నువ్వు చెప్పేది తప్పని కాదు. మూడు లంకల్లోనూ నాకు ఏమీ చెప్పకుండా వదిలేశావు, నేనే చూసుకున్నాను. నాలుగోదాంట్లో నేను చూడలేనేమోనని నీకు అనుమానం వచ్చినట్టుంది.

ఏసమ్మ కూడా ఆడింది. రత్తమ్మ మాటలన్నీ వింది. అయ్యాక అంది: "ఆవిడ బిందె కింద పెట్టేసి అంతసేపు మాట్లాడుతుందేంటమ్మా? ఇంటికాడ ఎసరు పెట్టుకోవద్దా?"

నాకు నవ్వొచ్చింది. ఆమె మాత్రం నవ్వలేదు. ఏసమ్మది ఎక్కడో పడమటి వైపు ఊరు, ఇక్కడికొచ్చి ఎనిమిదేళ్ళయింది. అంతకన్నా ఏం రాయను.

కోపం తెచ్చుకోకు.

దుర్గ


బెంగళూరు,
ఆగస్టు 19.

సాయిదుర్గకి,

ఉత్తరం అందింది.

డెమో తెరిచి పదిరోజులయింది. "అందమైన ఆటని పార్టీ మీటింగు చేశారు" అని ఒకరు. "అలసిపోయి ఇంటికొచ్చి పాఠం చెప్పించుకోవాలా" అని ఒకరు. నావ నడపడం బాగుంది, నాలుగో లంక తీసేస్తే కొంటాం అని చాలామంది. ఇంకొకాయన "రొయ్యల చెరువుల మీద బతికేవాళ్ళని దొంగలంటున్నావు, నువ్వు ఏం తిని పెరిగావమ్మా?" అని రాశాడు. పేరు లేదు. అది మాత్రం రెండుసార్లు చదివాను.

ఆటని విడుదల చెయ్యబోయే కంపెనీ ఆ లంక మొత్తం ఎత్తెయ్యమంటోంది. ప్రవీణ్ గారు నన్ను కూర్చోబెట్టి "జనం పని నుంచొచ్చి కాసేపు హాయిగా నావ నడుపుకుందామనుకుంటారు మంజుషా. వాళ్ళని హాయిగా ఉండనిద్దాం" అన్నారు. నువ్వూ అదే మాట ఇంకో రకంగా అన్నావు. అంటే అందరూ కలిసి నన్ను నోరుమూసుకోమంటున్నారు.

షేడ్ నెట్ కింద చల్లగా కూర్చుని మొక్కలు పెంచుకునేవాళ్ళకి ఉప్పునీళ్ళ సంగతి ఎలా తెలుస్తుంది? ఇక మీ ఏసమ్మ అంటావా, సరదాగా ఆడుకుంది, ఆడుకోనీ. అలాంటి వాళ్ళ గురించి రాయడం నా పని. ఎలా రాయాలో నాకు చెప్పడం ఆమె పని కాదు.

లారీ బయల్దేరాలని గంగాధర్ గారు తొందరపెడుతున్నారు.

మంజుష


కడియం,
అక్టోబరు 20.

మంజూ,

రెండు నెలలు ఊరుకున్నాను. అందులో సగం నీ ఉత్తరం మీద కోపం. మిగతా సగం నేను ఒకరికిచ్చిన మాట. ఆ మాట నుంచి నిన్ననే విడుదలయ్యాను.

జూన్‌లో మొదటిసారి ఆట చూసినప్పుడు ఏసమ్మ "ఇది ఎవరు చేశారమ్మా?" అని అడిగింది. నా స్నేహితురాలు, మొగల్తూరు అవతల పడమటిగరువు రాజులమ్మాయి అన్నాను. చేతిలో మట్టి చేతిలోనే ఉండిపోయింది. "ఆదినారాయణరాజుగారి అమ్మాయా?" అంది. ఆమెది మీ ఊరే మంజూ. ఊరి చివర పేట.

"ఆ పిల్లకి చెప్పకండమ్మా. హాయిగా రాసుకుంటోంది, రాసుకోనివ్వండి" అని నా దగ్గర మాట తీసుకుంది. నిన్న తనే అడిగింది, ఉత్తరాలు ఆగిపోయాయేంటని. పోట్లాడుకున్నామని చెప్పాను. నువ్వు ఆఖర్న రాసిన నాలుగు మాటలు మాత్రం ఆమెకి వినిపించలేదు. అవి వినిపించేదాన్ని కాను. "అయితే చెప్పెయ్యండి" అంది.

పేటలో అందరికీ ఒకటే నుయ్యట. ఒకరోజు పొద్దున్న కందిపప్పు పెడితే ఉడకలేదు. కట్టెలు అయిపోయాయి గానీ పప్పు పలుకు పలుకులాగే ఉంది. పప్పు మంచిది కాదని కొట్టుకెళ్ళి షావుకారుతో గొడవపడి వచ్చిందట. మర్నాడు టీ పెడితే పాలు విరిగాయి. పాలవాడిని తిట్టింది. మూడో రోజు పక్కింట్లోనూ పప్పు ఉడకలేదు. అప్పుడు తెలిసింది తప్పు నీళ్ళదని. నుయ్యికి తూర్పున రెండు గట్ల అవతల ఉప్పునీళ్ళ రొయ్యల చెరువు. అది ఎవరిదో నేను రాయక్కర్లేదు.

అక్కణ్ణుంచి మంచినీళ్ళు కాలవ మీది లాకుల దాకా వెళ్ళి తెచ్చుకోవడం. పోనూ రానూ గంటన్నర. రెండేళ్ళు మోసి, కూతుర్ని తీసుకుని ఇక్కడికొచ్చేసింది.

ఇది చెబుతున్నప్పుడు ఆమెకి కోపం లేదు. కవరు నింపడం, పక్కన పెట్టడం, మళ్ళీ నింపడం. నాకే చేతులాడలేదు. హాస్టల్లో మూడేళ్ళూ మావి వరిచేలని చెప్పావు కదే నాకు. నేను నమ్మాను.

దుర్గ


బెంగళూరు,
అక్టోబరు 29.

దుర్గా,

మూడుసార్లు మొదలెట్టి చింపేశాను.

మావి వరిచేలే, నేను ఆరో తరగతిలో ఉండేదాకా. ఆ ఏడు తూర్పు చేను తవ్వి చెరువు చేశారు. మొదటిసారి నీళ్ళు వదిలిన రోజు నాకు బాగా గుర్తు. బడి నుంచి వచ్చి గట్టు మీదికి పరిగెత్తాను. నిన్నటిదాకా చేను ఉన్నచోట ఆకాశం పడుంది. మబ్బులు నా కాళ్ళ దగ్గరికి వచ్చి వెళ్తున్నాయి. నాన్నగారు ఇనప నావలో నన్ను కూర్చోబెట్టి ఒక చుట్టు తిప్పారు. అంత అందమైనది నేను మళ్ళీ చూడలేదు.

నువ్వు చాలాసేపు ఆగిపోయానన్నావే, ఆ మూడో లంక అదే. నుయ్యి పాడుచేసింది ఆ నీళ్ళే.

డిగ్రీ సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు అరుగు మీద కూర్చుని చదువుకునేదాన్ని. వీధిలోంచి బిందెలు వెళ్ళేవి, ఒకదాని వెనక ఒకటి. ఎందుకు వెళ్తున్నాయో తెలుసు. తల ఎత్తితే మొహాలు కనిపిస్తాయని పుస్తకంలోనే చూసేదాన్ని. అందులో ఒకటి ఏసమ్మగారిదై ఉంటుంది. నాకు ఒక్క మొహమూ గుర్తులేదు. ఆమెకి నేను గుర్తున్నాను.

నాన్నగారికి ఇంతవరకు ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. రత్తమ్మ నాలుగు నిమిషాలు మాట్లాడిందే, అవన్నీ ఆ అరుగు మీద నేను మాట్లాడాల్సినవి. వాటిని ఒక బొమ్మ నోట్లో పెట్టి, ముక్కూ మొహం తెలియనివాళ్ళని కదలకుండా కూర్చోబెట్టి వినిపించాను. ధైర్యం చేస్తున్నాననుకున్నాను.

ఆ లంక మొత్తం విప్పేశాను. ప్రవీణ్ గారు తన మాట విన్నాననుకుని సంతోషించారు. ఆయన్ని సరిదిద్దలేదు.

దుర్గా, ఆ కందిపప్పు, ఆ లాకుల దారి నేను వాడుకోవచ్చా? ఏసమ్మగారిని అడుగు. వద్దంటే ఆటలో నాలుగో లంక ఉండదు. కిందటి ఉత్తరంలో నేను రాసింది ఆమెకి వినిపించనందుకు నీకు దణ్ణం పెడుతున్నాను.

మంజు


కడియం,
నవంబరు 9.

మంజూ,

వానలు వెనకపట్టాయి. పొద్దున్నే మొక్కల మీద సన్నగా మంచు దిగుతోంది. బంతి మొక్కల వరసల మధ్య నడుస్తుంటే పది అడుగుల అవతల ఏమీ కనపడదు, ఏసమ్మ దగ్గు మాత్రం వినిపిస్తుంది. ఆ మంచులోనే, మట్టికుప్ప దగ్గర కూర్చుని నీ ఉత్తరం ఆమెకి చదివాను.

చెరువులో నావ ఎక్కి తిరిగిన సంగతి రాశావే, అది విని "అవునమ్మా, నీళ్ళు పెట్టిన రోజు మేమంతా కూడా చూడ్డానికెళ్ళాం. ఎంత బాగుందో" అంది.

వాడుకోమంది. పేరు మాత్రం పెట్టొద్దంది. ఇంకో సంగతి చెప్పింది. ఆమె చెప్పినట్టే రాస్తున్నాను.

"ఆటలో ఆ దొర ఎందుకమ్మా అలా అరుస్తాడు? రాజుగారు ఎప్పుడూ గొంతు పెంచలేదు. నీళ్ళ సంగతి చెప్పుకోడానికి నాలుగుసార్లు వెళ్ళాను. 'రా ఏసమ్మా, కూర్చో' అనేవారు. అమ్మగారు మజ్జిగ ఇచ్చేవారు. అంతా విని 'చూద్దాంలే' అనేవారు. మజ్జిగ తాగి వచ్చేసేదాన్ని."

"కోపం రాలేదా?" అన్నాను.

"మజ్జిగిప్పించినాయన మీద ఎలా అరుస్తామమ్మా? అరిచుంటే నేనూ అరిచేదాన్నేమో. ఆ మజ్జిగలో నీళ్ళు ఎంత తియ్యగా ఉండేవో, అవి తాగేసరికి అడగాల్సింది గొంతు దిగిపోయేది."

మళ్ళీ కవరు తీసుకుని నింపడం మొదలెట్టింది. ఇంతే మంజూ. ఇంతకుమించి ఆమెని అడగలేకపోయాను.

దుర్గ


పడమటిగరువు,
డిసెంబరు 15.

దుర్గా,

ఇది ఇంటి నుంచి రాస్తున్నాను. రెండు రోజులు సెలవు పెట్టుకుని వచ్చాను. పోస్టులో వేస్తాను, నాలుగు రోజులు ఆలస్యమైనా పర్వాలేదు.

ముందు ఆట సంగతి. నాలుగో లంకలో ఇప్పుడు ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. చుక్క ఒక గుడిసెలో పప్పు పొయ్యి మీద పెడుతుంది. ఎంతసేపు మంట పెట్టినా ఉడకదు. బిందె ఉంటుంది. తీసుకుంటే లాకుల దాకా దారి కనిపిస్తుంది. దారంతా నువ్వు చెప్పిన మంచు, రెండు పక్కలా మెరిసే చెరువులు. చాలా అందమైన దారి దుర్గా, అందాన్ని ఎక్కడా తగ్గించలేదు. నడక మాత్రం నెమ్మది. మధ్యలో ఒక పెంకుటిల్లు. లోపలికి వెళ్తే పెద్దాయన లేచి "రా అమ్మా, కూర్చో" అంటాడు. మజ్జిగ ఇస్తాడు. "చూద్దాంలే" అంటాడు. ఎన్నిసార్లు వెళ్ళినా అంతే. ఏ బొత్తాలూ లేవు. రేవులో నావ ఉంటుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎక్కి వెళ్ళిపోవచ్చు. ఎవరూ ఆపరు.

పరీక్షకి ఆడినవాళ్ళలో కొందరు రెండు నిమిషాల్లో వెళ్ళిపోయారు. ఆట హాయిగా ఉందని రాశారు. ఎక్కువమంది మాత్రం వెళ్ళలేదు. ఆ పప్పు ఉడికేదాకా మోశారు. ఒకమ్మాయి "నాలుగోసారి మజ్జిగ తీసుకోవడం మానేశాను" అని ఒకే ఒక్క వాక్యం రాసింది. ప్రవీణ్ గారు ఒక మధ్యాహ్నమంతా ఆడి, వచ్చి నా బల్ల దగ్గర నిలబడ్డారు. "ఇందులో రాజకీయం ఎక్కడుందో చూపించు, తీసేస్తాను" అన్నారు. ట్యాబ్ ఆయన ముందుకి జరిపాను. ఆయన "వద్దులే" అని వెళ్ళిపోయారు. కంపెనీ వాళ్ళు నడక దూరం తగ్గించమంటే ఆయనే కుదరదన్నారు.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న ఆదివారం పొద్దున్న నాన్నగారు అరుగు మీద వాలుకుర్చీలో ఉన్నారు. వీధిలో మంచు, ఆ మంచులోంచి బిందెలు వస్తున్నాయి, పోతున్నాయి. ఇప్పుడు ప్లాస్టిక్ బిందెలు. నేను తల ఎత్తే చూశాను ఈసారి. తర్వాత ట్యాబ్ తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను. "నేను రాసిన ఆట నాన్నగారూ, ఒకసారి చూడండి" అన్నాను.

కళ్ళజోడు సర్దుకుని, రొయ్యపిల్లల్ని గాజుగ్లాసులో పరీక్షగా చూస్తారే, అలా చూస్తూ ఆడారు. మూడో లంక దగ్గర మొహం విచ్చుకుంది. "ఇది మన తూర్పు చెరువు కదూ?" అన్నారు. అవునన్నాను.

నాలుగో లంకలో పప్పు పెట్టారు. బిందె తీసుకున్నారు. నడిచారు. పెంకుటింట్లోకి వెళ్ళారు. "చూద్దాంలే" అన్న మాట ట్యాబ్‌లోంచి వినిపించింది. కళ్ళజోడు తీసేశారు. లోపల్నుంచి అమ్మ "టిఫిన్ పెట్టనా అండీ?" అని కేకేసింది. నాన్నగారు మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని బిందె ఎత్తారు. ఆ దారి రెండోసారి మొత్తం నడిచారు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. అరుస్తారనుకున్నాను, ట్యాబ్ విసిరేస్తారనుకున్నాను. అన్నిటికీ సిద్ధపడి వచ్చాను.

దారి అయిపోయాక "బిందె కుడి చంకన పెట్టావు" అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"ఏసమ్మ ఎడం చంకన పెట్టుకునేది. కుడి చెయ్యి పైకి లేవదు ఆమెకి. లాకుల దగ్గర్నుంచి వచ్చేటప్పుడు మన గుమ్మం దాటాక, ఆ కరెంటు స్తంభం దగ్గర ఒక్క క్షణం ఆగేది. ఆగినా బిందె దింపేది కాదు."

"మీకు గుర్తుందా నాన్నగారూ?"

"గుర్తుండకపోవడమేంటమ్మా? రోజూ ఇక్కడే కదా కూర్చునేది."

ఇక ఆట వైపు చూడలేదు. వీధి వైపు చూస్తూ అన్నారు. "తూర్పు చెరువు లీజు మార్చితో అయిపోతుంది. మళ్ళీ ఇవ్వను. ఎండగట్టేస్తాను. మట్టిలో ఉప్పు పోవడానికి ఎన్నాళ్ళు పడుతుందో మాత్రం నాకు తెలీదు. ఏసమ్మ ఎక్కడుందో నీకు తెలిస్తే చెప్పు."

దుర్గా, నేను పుట్టాక ఆయన నాతో ఇంతసేపు మాట్లాడింది ఇదే. ఏదో మంచి జరిగినట్టుంది. గట్టు మీదికెళ్ళి వచ్చాను. మంచు విడిచాక నీళ్ళ మీద ఎండ పడింది. ఈ నీళ్ళు వెళ్ళిపోతాయని అనుకుంటే గుండె తేలికైంది, కొంచెం బెంగ కూడా వేసింది. రెండోది నీకొక్కదానికే చెబుతున్నాను.

ఏసమ్మగారికి ఇదంతా చదివి వినిపించు. నాన్నగారు అన్న మాటలు ఒక్కటీ వదలకుండా.

మంజు


కడియం,
డిసెంబరు 26.

మంజూ,

ఒక్కటీ వదలకుండా చదివాను. చదివేదాకా నాకూ సంతోషంగానే ఉంది.

మట్టికుప్ప దగ్గర కాదు ఈసారి, ఇంట్లోకి పిలిచి కుర్చీలో కూర్చోబెట్టాను. చెరువు ఎండగడతారన్న మాట ముందే చెప్పేశాను, అది వింటే మొహం వెలుగుతుందని. తలూపింది. తర్వాత ఎడం చంక సంగతి చదివాను. స్తంభం దగ్గర ఆగడం చదివాను.

"మళ్ళీ చదవండమ్మా" అంది.

మళ్ళీ చదివాను. ఎడం చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుని దాని వైపే చూసుకుంటూ కూర్చుంది. బయట లారీకి మొక్కలు ఎక్కిస్తున్న చప్పుడు, ఎవరో ఆమెని పిలిచారు. నేను ఆమెని తాకబోయి ఆగిపోయాను. ఆ తర్వాత "కాగితం తీసుకోండి, రాజుగారికి ఒక మాట రాయాలి" అంది. చెప్పింది చెప్పినట్టు కింద రాశాను. కలపలేదు, తియ్యలేదు. మీ నాన్నగారికి ఇవ్వడమా మానడమా అన్నది నీ చేతిలో ఉంది. ఇస్తావనే అనుకుంటున్నాను.

దుర్గ

*

ఆదినారాయణరాజుగారికి ఏసమ్మ నమస్కారాలండి.

మేం బాగున్నామండి. అమ్మగారిని అడిగానని చెప్పండి. మీ అమ్మాయిగారు చేసిన ఆట బాగుందండి.

మీ గుమ్మం ముందు నుంచి రెండేళ్ళు నడిచానండి. మీరు అరుగు మీద కూర్చునేవారు. పెద్దవారు, వెయ్యి ఆలోచనలుంటాయి, నేను వచ్చి చెప్పుకుంది మర్చిపోయి ఉంటారు, మమ్మల్ని చూసి ఉండరులే అనుకునేదాన్ని. చూస్తే ఊరుకునేవారు కాదు అనుకునేదాన్ని. ఆ మాట అనుకుంటే బిందె బరువు తెలిసేది కాదండి. ఊరొదిలి వచ్చాక కూడా అలాగే అనుకున్నాను. అందుకే ఇన్నేళ్ళూ మీ మీద కోపం లేదండి.

చెయ్యి లేవదని కూడా చూశారు. ఆగేదాన్నని కూడా చూశారు. మరి ఇప్పుడు ఏమనుకోవాలో నాకు తెలీడం లేదండి.

చెరువు సంగతి చెప్పాల్సింది నాకు కాదండి. నేనింక అటు రాను. పేటలో చెప్పండి. వాళ్ళింకా మోస్తున్నారు.

ఏసమ్మ